బిల్లులో ఇండియా, కార్డులో బోట్స్వానా: వజ్రాల జాడపై మీ ప్రశ్నలు

షాపుల్లో ఇప్పుడు ఉంగరంతో పాటు క్యూఆర్ కోడ్ ఉన్న కార్డు కూడా చేతిలో పెడుతున్నారు. దాని మీద రాసినవేమిటో అర్థం కావడం లేదని చాలామంది రాశారు. అందుకే ఈసారి ఆ ఉత్తరాలే తీసుకున్నాను. సూరత్‌లో రఫ్ (ఇంకా సానపట్టని గరుకు రాయి) ప్లానింగ్ విభాగంలో, ఆ తర్వాత హైదరాబాద్‌లో గ్రేడింగ్ బల్ల దగ్గర పనిచేసినదాన్ని. కారఖానాలో రాయి ఏ చేతి నుంచి ఏ చేతికి వెళ్తుందో చూసిన అనుభవంతోనే ఈ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి నిశ్చితార్థానికి 70 సెంట్ల (0.70 క్యారెట్) రాయి ఉంగరం కొన్నాం. షాపువాళ్లు ఇచ్చిన కాగితంలో ‘కంట్రీ ఆఫ్ ఆరిజిన్: ఇండియా’ అని ఉంది. కార్డు మీది కోడ్ స్కాన్ చేస్తే బోట్స్వానా అని చూపిస్తోంది. రెండూ నిజమే అంటున్నాడు షాపతను. మమ్మల్ని మభ్యపెడుతున్నాడా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: లేదమ్మా, రెండూ నిజం కావడానికి వీలుంది. ఒకే మాటని రెండు లెక్కల్లో వాడటం వల్ల వచ్చిన తికమక ఇది.

మొదటిది కస్టమ్స్ లెక్క. సరుకు చివరిసారిగా ఎక్కడ పూర్తిగా రూపు మారిందో ఆ దేశమే దాని ఆరిజిన్. దీన్ని ‘సబ్‌స్టాన్షియల్ ట్రాన్స్‌ఫర్మేషన్’ అంటారు. గరుకు రాయి సూరత్ వచ్చి, కోతపడి, సానపట్టి మెరుస్తూ బయటికి వెళ్లిందంటే కాగితాల్లో అది భారతీయ వజ్రం అయిపోతుంది. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో, సంఖ్యలో చూస్తే, పదింట తొమ్మిది మన దేశంలోనే తయారవుతున్నాయి. మన నేలలో యంత్రాలతో తవ్వే వజ్రాల గని మాత్రం ఒక్కటే ఉంది, మధ్యప్రదేశ్ పన్నా జిల్లాలో ఎన్ఎండిసి వారి మఝ్‌గవాఁ గని. కాబట్టి ‘ఇండియా’ అన్న ఆ ఒక్క మాట మీ రాయిని ఏ నేలలోంచి తీశారో చెప్పదు.

రెండోది గని లెక్క. కార్డు చెబుతున్నది ఇదే. ఇక్కడ మీరు చూడాల్సింది ఆ ‘బోట్స్వానా’ అనే మాటని ఎవరు, ఏ దశలో నమోదు చేశారన్నది. డి బీర్స్ కంపెనీ బోట్స్వానా, నమీబియా, దక్షిణాఫ్రికా, కెనడా గనుల సరుకుని బోట్స్వానా రాజధాని గాబరోన్ నగరానికి తెచ్చి అమ్ముతుంది. 2013 దాకా ఆ పని లండన్‌లో జరిగేది. అక్కడ రాళ్లని సైజు, ఆకారం, రంగు, నాణ్యత ప్రకారం ఏరి, వేర్వేరు దేశాల రాళ్లని కలిపి పెట్టెలు కడతారు. దీని పేరు అగ్రిగేషన్. ఆ పెట్టె కొన్న సూరత్ వ్యాపారి ‘ఈ నాలుగు దేశాల్లో ఏదో ఒకటి’ అని చెప్పగలడే తప్ప, ఫలానా రాయి ఫలానా దేశానిదని చెప్పలేడు. ఒక్క దేశం పేరు రావాలంటే కలపకముందే ఆ రాయిని విడిగా స్కాన్ చేసి, దానికో నంబరు ఇచ్చి ఉండాలి.

మీ కార్డు తెరిచి మొట్టమొదటి నమోదు చూడండి. అందులో రఫ్ బరువు, స్కాన్ బొమ్మ, నమోదు చేసినవాళ్ల పేరు, తేదీ ఉంటే ఆ కథ మొదటి నుంచీ ఉన్నట్టు. పాలిష్ అయిన రాయి ఫొటోతోనే కథ మొదలైతే, ‘బోట్స్వానా’ అనేది ఎవరో చెప్పగా రాసుకున్నది మాత్రమే. మా రంగంలో మొదటిదాన్ని వెరిఫైడ్ అని, రెండోదాన్ని డిక్లేర్డ్ అని అంటాం. డిక్లేర్డ్ అయినంత మాత్రాన అబద్ధం కాదు. కానీ మీరు అదనంగా డబ్బు కట్టింది ఆ దేశం పేరు చూసే అయితే, అది రెంటిలో ఏదో తెలుసుకునే హక్కు మీకుంది. షాపతన్ని అడగండి. జవాబు బిల్లు వెనక రాయించుకోండి.

ప్రశ్న: నేను బ్లాక్‌చెయిన్ మీద పనిచేస్తాను మేడమ్. ఒకసారి రాసిన నమోదుని ఎవరూ మార్చలేరు కదా. వజ్రాలకి అది వచ్చాక కూడా మీలాంటివాళ్లు ఎందుకు సందేహిస్తున్నారు? (ఒక పాఠకుడు, గచ్చిబౌలి, హైదరాబాద్)

జవాబు: నమోదు మారదు బాబూ, నిజమే. మారేది రాయి. వజ్రం విషయంలో మొత్తం కష్టం ఇక్కడే ఉంది. మీరు నమోదు చేసిన వస్తువు కొన్ని వారాల్లో ముక్కలవుతుంది, సగానికి పైగా బరువు పోగొట్టుకుంటుంది, ఆకారం మార్చుకుంటుంది. ఆ తర్వాత కూడా ఇది అదేనని మీరు నిరూపించాలి.

కారఖానాలో జరిగేది చెబుతాను. రఫ్ సరుకు రాగానే లాటుకి ఒక కపాన్ నంబరు పడుతుంది. అందులోని ఒక్కో రాయి ఒక్కో కాగితపు పొట్లంలోకి వెళ్తుంది. దాన్ని ప్యాకెట్ అంటాం. ప్యాకెట్ మీద కపాన్ నంబరు, దాని సొంత నంబరు, బరువు ఉంటాయి. ప్లానింగ్‌లో రాయిని యంత్రంలో పెట్టి బయటి ఆకారాన్ని, లోపలి మచ్చల్ని స్కాన్ చేస్తాం. ఇజ్రాయెల్ కంపెనీ సరీన్ వాళ్ల గెలాక్సీ యంత్రం సూరత్‌లో ఇందుకు బాగా వాడుకలో ఉంది. తెర మీద ఆ రాయి ప్రతిరూపం తేలుతుంది. దాన్నే ఇప్పుడు డిజిటల్ ట్విన్ అంటున్నారు. ఆ బొమ్మలో ఎక్కడ కోస్తే ఎంత పెద్ద రాయి వస్తుంది, ఏ మచ్చ పోతుంది అని లెక్క కడతాం. ఎనిమిది ముఖాల మంచి రఫ్ అయితే తరచుగా రెండు వజ్రాలు వస్తాయి. లేజర్‌తో కోసిన క్షణం నుంచి ఒక తల్లి నంబరుకి ఇద్దరు పిల్లల నంబర్లు. ఒక్కో విభాగంలోకి ప్యాకెట్ వెళ్లేటప్పుడు తూకం, వచ్చేటప్పుడు తూకం. రెంటి తేడా ఆ పనికి మామూలుగా పోయే బరువుతో సరిపోకపోతే ఆ ప్యాకెట్ ముందుకి కదలదు.

అంటే మీరు ఆఫీసులో చేస్తున్న పని లాంటిదే సూరత్‌లో కాగితం మీద, తూకం మీద ఎప్పటి నుంచో ఉంది. కాకపోతే అది ఒక్కో కారఖానా గోడల మధ్యే ఉండేది. రాయి చేయి మారగానే కథ తెగిపోయేది. కొత్త వ్యవస్థలు ఆ తెగిన చోట్లని కలపాలని చూస్తున్నాయి. డి బీర్స్ 2018లో మొదలుపెట్టి 2022లో పెద్ద ఎత్తున వాడుకలోకి తెచ్చిన ట్రేసర్ అలాంటిదే. గని దగ్గర రఫ్ స్కాన్, కారఖానాలో ప్లాన్, చివర పాలిష్ అయిన రాయి స్కాన్. ఈ మూడింటినీ పోల్చి, ఈ రాయి ఆ రఫ్ లోపల పట్టేదేనా, కొలతలు, బరువు కుదిరాయా అని చూస్తారు. ఆ పోలికని మ్యాచ్ అంటారు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో విలువైన మాట అదొక్కటే. మ్యాచ్ లేని బ్లాక్‌చెయిన్ నమోదు ఎంత భద్రంగా ఉన్నా, అది భద్రంగా దాచిన ఒక మాట మాత్రమే.

ఇక రాయికీ నమోదుకీ మధ్య లింకు తెగే చోట్లు చెబుతాను. గనికీ మొదటి స్కాన్‌కీ మధ్య ఒకటి. అక్కడ వేరే రాయి కలిస్తే, ఆ తర్వాత అంతా సక్రమంగానే నమోదవుతుంది, అబద్ధంతో సహా. ఇంకొకటి, కారఖానాలో కొంత పని బయటి చిన్న యూనిట్లకి ఇచ్చినప్పుడు. మూడోది, పాలిష్ అయ్యాక జంగడ్ మీద సరుకు తిరిగినప్పుడు. జంగడ్ అంటే అమ్మకం ఖాయం కాకుండా చూడటానికి ఇచ్చే చీటీ. నమ్మకం మీద రాళ్లు చేతులు మారుతుంటాయి. ఆ కాలంలో రాయి ఎవరి దగ్గరుందో డిజిటల్ నమోదులో ఉండకపోతే, మీరు చెయిన్ ఆఫ్ కస్టడీ (రాయి చేతులు మారిన వరస) అని పిలిచే గొలుసులో ఒక లంకె లేనట్టే.

మీ వృత్తికి సంబంధించిన ఇంకో సంగతి. 2015లో లండన్‌లో మొదలై ఈ రంగంలో అందరికంటే ముందు పేరు తెచ్చుకున్న ఎవర్‌లెడ్జర్ కంపెనీ, 2023లో డబ్బు ఇబ్బందుల్లో పడి అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా అంచున బయటి నిర్వాహకుల చేతుల్లోకి, వెళ్లింది. వజ్రం తరాల పాటు ఉంటుంది. దాని జాతకం రాసిపెట్టే కంపెనీ ఎన్నాళ్లుంటుంది? నమోదు ఒక కంపెనీ సర్వర్‌ని దాటి, అందరూ చదవగలిగే ఒకే పద్ధతిలో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఆ పని మీలాంటి పిల్లలు చేయాల్సిందే.

ప్రశ్న: మా బిల్లు కింద ‘కాన్‌ఫ్లిక్ట్ ఫ్రీ, కింబర్లీ సర్టిఫైడ్’ అని అచ్చు వేశారు. అంటే గనిలో పనివాళ్లకి అన్యాయం జరగలేదనే కదా? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: అంత అర్థం దానికి లేదండీ. యుద్ధాలకి డబ్బు అందించే గరుకు వజ్రాల వ్యాపారాన్ని ఆపడానికి దేశాలు కలిసి పెట్టుకున్న కింబర్లీ ప్రాసెస్ అనే పథకం 2003 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులో ‘కాన్‌ఫ్లిక్ట్ డైమండ్’కి చాలా ఇరుకైన నిర్వచనం ఉంది. చట్టబద్ధమైన ప్రభుత్వాన్ని కూలదోయడానికి తిరుగుబాటు దళాలు డబ్బు కోసం వాడుకునే గరుకు వజ్రం, అంతే. అంగోలాలో యునిటా, సియెర్రా లియోన్‌లో ఆర్‌యూఎఫ్ దళాలు సాగించిన యుద్ధాల నెత్తుటిలోంచి వచ్చిన నిర్వచనం అది. దాన్ని తేలిగ్గా తీసేయను. కానీ ప్రభుత్వ సైన్యమే జనాన్ని చంపితే? 2008లో జింబాబ్వేలోని మరాంగే వజ్రపు నేలల్లో సరిగ్గా అదే జరిగింది. తిరుగుబాటుదారులు లేరు కాబట్టి నిర్వచనంలో పట్టలేదు. 2011 నవంబరులో ఆ గనుల ఎగుమతికి అనుమతి వచ్చింది. ఈ పథకం పుట్టుకకి కారకుల్లో ఒకటైన గ్లోబల్ విట్నెస్ సంస్థ మరుసటి నెలలోనే అందులోంచి తప్పుకుంది.

మీ ఉంగరానికి సంబంధించి ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. కింబర్లీ సర్టిఫికెట్ రఫ్‌కే ఉంటుంది. అది కూడా దేశం దాటే పెట్టెకి, ఒక్కో రాయికి కాదు. సీలు వేసిన పెట్టె, దానికొక నంబరు, మొత్తం బరువు, విలువ. పెట్టెలో వేర్వేరు దేశాల రాళ్లుంటే ‘మిక్స్‌డ్ ఆరిజిన్’ అని రాయొచ్చు. మన దేశంలో ఆ పని చూసేది జెమ్ అండ్ జ్యువెలరీ ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ కౌన్సిల్. సీలు విప్పి రాళ్లు కారఖానాలోకి వెళ్లగానే ఆ సర్టిఫికెట్ పని అయిపోయినట్టే. అక్కడి నుంచి మీ షాపు దాకా నడిచేది వరల్డ్ డైమండ్ కౌన్సిల్ పెట్టిన వారంటీ వాక్యం. ప్రతి అమ్మకందారూ తన ఇన్వాయిస్ మీద దాన్ని రాసి ముందుకి పంపుతాడు. కాబట్టి ‘కింబర్లీ సర్టిఫైడ్ ఉంగరం’ అనేది ఉండదు. అలా అచ్చు వేయడం మానాలి.

ప్రశ్న: నా నెక్లెస్‌లో చిన్న చిన్న రాళ్లు రెండు వందలకి పైగా ఉన్నాయి. వాటికీ ఈ జాడ కథ చెప్పగలరా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: రాయి రాయికీ చెప్పలేరు. 20 సెంట్లకి లోపు రాళ్లని మెలీ అంటాం. జల్లెడ పట్టి సైజులు విడదీసి, వేల రాళ్లు ఒకే పొట్లంలో కడతారు. నాలుగు కల్లాల వడ్లు ఒకే గాదెలో పోశాక ఈ గింజ ఎవరి చేనుదో అడిగినట్టుంటుంది. చేయగలిగింది ఒక్కటే: ఒక గని సరుకుని మొదటి నుంచి చివరి దాకా వేరేగా ఉంచి, వేరేగా కోయించి, వేరేగా జల్లించడం. దీన్ని సెగ్రిగేషన్ అంటారు. ఖర్చు ఎక్కువ కనుక ఒక సెంటు, రెండు సెంట్ల రాళ్లకి చాలామంది ఆ పని పెట్టుకోరు. మీకు చూపించే కార్డు నెక్లెస్ మధ్యలో ఉన్న పెద్ద రాయిదే అయి ఉంటుంది. ఏ రాయిదో రాయించుకోండి. మెలీలో మీరు అంతకంటే ముందు అడగాల్సింది, ల్యాబ్‌లో పెంచిన రాళ్లు కలవలేదని స్క్రీనింగ్ యంత్రంలో చూపించారా అని. ఈ కలగలుపు బజారులో నిజంగా ఉన్న సమస్య.

ప్రశ్న: గర్డిల్ (రాయి నడుము అంచు) మీద లేజర్‌తో చెక్కిన నంబరు, సర్టిఫికెట్ నంబరు ఒకటే అయితే ఇక ఖాయమే కదా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: చాలదు. ఆ నంబరుని నకలు చెక్కవచ్చు. సహజ వజ్రానికి ఇచ్చిన రిపోర్టు నంబరుని ల్యాబ్ రాయి మీద చెక్కి పంపిన సంఘటనలని అమెరికాలోని రత్నాల పరీక్ష సంస్థ జిఐఎ ల్యాబే పట్టుకుని బయటపెట్టింది. నంబరుతో పాటు బరువుని రెండు దశాంశాల దాకా, మిల్లీమీటర్లలో కొలతల్ని, రిపోర్టులో గీసిన మచ్చల స్థానాన్ని పోల్చి చూడాలి. నగలో బిగించకముందు అయితే ఈ పని తేలిక.

ప్రశ్న: ఇక్కడ ఒక నగల షాపులో లెక్కలు చూస్తున్నాను. ఇండియా నుంచి వచ్చే ఇన్వాయిస్‌ల మీద ‘నాన్ రష్యన్’ అని ఉంటుంది, కొన్నిటి మీద ‘గ్రాండ్‌ఫాదర్డ్’ అని కూడా. ఏమిటివి? (ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: గుంటూరు పాఠకురాలికి చెప్పిన కస్టమ్స్ లెక్క ఇక్కడ మళ్లీ వస్తుంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022లో అమెరికా రష్యా వజ్రాల దిగుమతి ఆపింది. ప్రపంచపు రఫ్‌లో దాదాపు మూడో వంతు రష్యా కంపెనీ అల్‌రోసాదే. ఆ రఫ్ సూరత్ వచ్చి సానపట్టాక కాగితాల్లో ‘భారతీయం’ అయిపోయేది కాబట్టి నిషేధం దాన్ని తాకలేదు. ఆ సందు మూయడానికి జీ7 దేశాలు కలిసి 2023 డిసెంబరులో నిర్ణయం తీసుకున్నాయి. 2024 మార్చి 1 నుంచి ఒక క్యారెట్, ఆపై రాళ్లు మూడో దేశంలో సానపట్టినా సరే, గని రష్యాదైతే రాకూడదు. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అర క్యారెట్‌కి దించారు. అంటే మొదటిసారిగా పాలిష్ అయిన రాయికి కూడా గని ఏ దేశానిదో చెప్పాల్సి వచ్చింది.

‘నాన్ రష్యన్’ అన్నది అమ్మకందారు ఇస్తున్న హామీ. ‘గ్రాండ్‌ఫాదర్డ్’ అంటే ఆ గడువు తేదీలకి ముందే రష్యా బయట ఉన్న పాత సరుకు, కొత్త నియమం వర్తించదు అని. రెండో మాట రాసినప్పుడు తేదీ ఉన్న ఆధారం, అంటే పాత ఇన్వాయిస్ గానీ గ్రేడింగ్ రిపోర్టు గానీ, వెంట ఉండాలి. లేకపోతే మీరు ఫైల్‌లో పెట్టుకోవద్దు. యూరప్ దీని మీద ఇంకో అడుగు వేసి డిజిటల్ నమోదునే తప్పనిసరి చేయాలనుకుంది. ఆ గడువుని 2024 సెప్టెంబరు నుంచి 2025 మార్చికి, అక్కడి నుంచి 2026 జనవరికి జరిపారు. ఇన్నేళ్లుగా కలిపేసుకుంటూ వచ్చిన సరుకుని ఒక్క కాగితంతో విడదీయడం ఎంత కష్టమో ఆ వాయిదాలే చెబుతాయి. సూరత్‌లో పెద్ద సంస్థలు రష్యా సరుకుకి వేరే లైను, వేరే పుస్తకం పెట్టుకోగలిగాయి. నాలుగైదు ఘంటీలతో, అంటే సానరాళ్లతో, కూలికి పనిచేసే చిన్న యూనిట్‌కి స్కానర్ కొనే స్తోమత ఎక్కడిది? నియమాలు రాసేవాళ్లు ఆ మనుషుల్ని లెక్కలోకి తీసుకోవాలని గట్టిగా అంటాను.

ప్రశ్న: మా నాయనమ్మ బేసరిలో ఉన్నది గోల్కొండ వజ్రమని ఇంట్లో అంటారు. ల్యాబ్‌లో ఇస్తే కొల్లూరు గనిదని తేలుస్తారా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: ఏ ల్యాబూ తేల్చలేదు. కెంపు, పచ్చల్లో లోపలి మలినాలని, అరుదైన మూలకాల మోతాదుని చూసి దేశం పేరు చెప్పగలుగుతున్నారు. వజ్రం దాదాపు శుద్ధ కర్బనం. ఏ గనిదో తెలియని ఒక పాలిష్డ్ రాయిని చేతికిచ్చి ఇది ఎక్కడిదని అడిగితే నమ్మదగిన జవాబు చెప్పే శాస్త్ర పద్ధతి ఇప్పటికైతే లేదు. జిఐఎ 2019లో తెచ్చిన ఆరిజిన్ రిపోర్టు కూడా రఫ్‌గా ఉన్నప్పుడే తమ దగ్గరికి వచ్చిన రాయిని, పాలిష్ అయ్యాక మళ్లీ చూసి పోల్చి ఇచ్చేదే.

‘గోల్కొండ’ అన్న పేరుని వ్యాపారంలో టైప్ 2ఎ రాళ్లకి వాడతారు. నైట్రోజన్ దాదాపు లేని, నీళ్లలా తేటగా ఉండే రాళ్లు. కానీ 1905లో దక్షిణాఫ్రికాలో దొరికిన 3,106 క్యారెట్ల కల్లినన్ కూడా టైప్ 2ఎనే. కొల్లూరుదని చెప్పే నీలి హోప్ వజ్రమేమో టైప్ 2బి, అంటే బోరాన్ ఉన్న మరో రకం. ల్యాబ్‌లో సీవీడీ పద్ధతిలో, అంటే వాయువు నుంచి పొరలుగా, పెంచిన రాళ్లు కూడా ఎక్కువగా టైప్ 2ఎనే అవుతాయి. కనుక ‘2ఎ’ అన్న రిపోర్టు చూపించి ‘గోల్కొండ’ అని ధర కడితే ఒప్పుకోకండి.

మీ బేసరికి ఉండగలిగింది ప్రావెనన్స్, అంటే అది ఎవరి చేతుల్లో ఉంటూ వచ్చిందన్న చరిత్ర. గని వేరు, ఈ చరిత్ర వేరు. నిజాం నగల్లోని జేకబ్ వజ్రమే తీసుకోండి. 184 క్యారెట్లకి పైగా బరువు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1891లో బేరమాడిన రాయి, ఆయన కొడుకు కాగితాల మీద బరువుగా వాడిన రాయి, 1995లో భారత ప్రభుత్వం కొన్న నగల్లో భాగం. చరిత్ర అంతా హైదరాబాద్‌దే, గని మాత్రం దక్షిణాఫ్రికాది. మీ నాయనమ్మగారి పెళ్లి ఫొటోలో ఆ బేసరి కనిపిస్తుంటే, పాత అవ్వలకి దాని సంగతి తెలిసి ఉంటే, ఇప్పుడే రాసి పెట్టండి. కొల్లూరు గనులు పులిచింతల నీళ్ల కింద ఉన్నాయి. అక్కడి నుంచి కొత్త సాక్ష్యం రావడం కష్టం.

ప్రశ్న: మాది తుగ్గలి దగ్గర పల్లె. తొలకరి పడగానే పొలాల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. దొరికిన రాయిని వ్యాపారి వచ్చి నగదు ఇచ్చి పట్టుకుపోతాడు. ఆ తర్వాత అది ఎక్కడికి పోతుంది? మా ఊరి పేరు దాని మీద ఎప్పటికైనా ఉంటుందా? (ఒక రైతు, కర్నూలు జిల్లా)

జవాబు: అన్నా, ఈ వారం ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు ఆపింది మీదే.

మీ ఊరి పేరు ఉండదు. జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లో దొరికిన రాయి మొదటి చేయి మారినప్పుడే పేరు పోగొట్టుకుంటుంది. నగదు బేరం కాబట్టి చీటీ ఉండదు. కింబర్లీ సర్టిఫికెట్ దేశం దాటే రఫ్‌కే కాబట్టి అది అవసరం పడదు. రాయి ఏదో ఒక కపాన్‌లో కలిసి, పాలిష్ అయి, ‘ఆరిజిన్: ఇండియా’ అన్న కాగితంతో బయటికి వస్తుంది. ఒక విధంగా ఆ మాట రెండు లెక్కల్లోనూ నిజమైన అరుదైన రాయి మీదే. అయినా బోట్స్వానా రాయికీ దానికీ కాగితం మీద తేడా ఉండదు. ఈ సంగతి నాకు బాధ కలిగిస్తుంది.

జాడ వ్యవస్థలు కట్టేవాళ్లు దీన్ని ఫస్ట్ మైల్ అంటారు. గనికీ మొదటి నమోదుకీ మధ్య దూరం. పెద్ద కంపెనీ గనిలో అది ఒకే ఆవరణలో తీరిపోతుంది. చేత్తో తవ్వేవాళ్లు, పొలంలో ఏరేవాళ్లు ఉన్నచోట ఎవరూ పట్టించుకోని దూరం అదే. పట్టించుకుంటే ఎలా ఉంటుందో రెండు చోట్ల చూడొచ్చు. పన్నాలో రాష్ట్ర ప్రభుత్వపు హీరా కార్యాలయం ఉంది. చిన్న గుంట లీజుకి తీసుకుని తవ్వినవాళ్లు దొరికిన రాయిని అక్కడ జమ చేస్తారు. తూచి, రసీదు ఇచ్చి, వేలం వేసి, రాయల్టీ, పన్ను పోగా మిగిలింది వాళ్ల చేతికిస్తారు. డబ్బు రావడానికి ఆలస్యమవుతుంది, దొంగచాటు అమ్మకాలూ ఉన్నాయి. కానీ ఆ రాయికి పుట్టిన తేదీ, చోటు, తూకం, మనిషి పేరు ఉంటాయి. రెండోది సియెర్రా లియోన్‌లోని కోనో జిల్లా. అక్కడ 2018 నుంచి డి బీర్స్ వాళ్ల జెమ్‌ఫెయిర్ అనే పథకం నడుస్తోంది. చేత్తో తవ్వేవాళ్లు రాయి దొరకగానే దొరికిన చోటుతో సహా ట్యాబ్లెట్‌లో నమోదు చేసి అమ్ముతారు. ధర ఎలా కట్టారో వాళ్లకి చెబుతారు.

మన కర్నూలు, అనంతపురం జిల్లాల్లో అలాంటి ఒక్క కౌంటర్ పెడితే చాలు. గుంతకల్లులోనో పత్తికొండలోనో ఒక తూకం బల్ల, ఒక కెమెరా, చదువుకున్న ఇద్దరు పిల్లలు. గనుల శాఖకి ఇది పెద్ద ఖర్చు కాదు. పంట పోయిన రైతు, కూలి మానుకుని వచ్చిన తల్లి, వాళ్లకి దొరికిన రాయి ఎంత బరువో కూడా తెలియకుండా వ్యాపారి చెప్పిన ధరకి ఇచ్చేస్తున్నారు. బరువు తెలియని చోట బేరం ఉండదు. జాడ నమోదు అంటే దూరదేశంలో ఉంగరం కొనేవాళ్ల మనశ్శాంతి కోసమే అనుకుంటారు. అది ముందుగా అక్కరకొచ్చేది మొదట దాన్ని చేతిలోకి తీసుకున్న మనిషికే.

ఆ కౌంటర్ వచ్చేలోగా మీ ఊళ్లో ఎవరికైనా రాయి దొరికితే ఇలా చేయమనండి. తెల్ల కాగితం మీద స్కేలు పక్కన పెట్టి, ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటో తీయాలి. పొలం సర్వే నంబరు, తేదీ ఆ కాగితం మీదే రాసి ఫొటోలో పడేలా చూడాలి. కొనేవాళ్లు రాకముందే పట్నంలో ఒక కంసాలి దగ్గర క్యారెట్ తూకంలో వేయించి, చీటీ తీసుకోవాలి. ఒక క్యారెట్ అంటే గ్రాములో అయిదో వంతు. సెంట్లలో తేడా వచ్చినా వేల రూపాయలు మారతాయి. ఒక్క వ్యాపారికే చూపించి ఆగకూడదు. మీ పంచాయతీ తరఫున గనుల శాఖకి కౌంటర్ కోసం అర్జీ రాస్తానంటే, నమోదులో ఏమేం ఉండాలో ఆ ఫారం నేను తయారుచేసి పంపుతాను. పత్రిక చిరునామాకి రాయండి.